ఇతర పరిస్థితులు మారకుంటే

ఇస్కపల్లి ఉప్పు కొఠార్ల నుంచి కావలికి
పొద్దున ఆరుంపావు బస్సు.
చేతిలో తెలుగు అకాడమీ పుస్తకం,
కాలి పగుళ్లలో నిన్నటి ఉప్పు.

మూడో అధ్యాయం.
అవ్యాకోచ డిమాండుకు ఉదాహరణ: ఉప్పు.
ధర పెరిగినా జనం కొనడం మానరు.
ఎలీషా సారు సుద్దముక్కతో
నల్లబల్ల మీద నిట్టనిలువుగా ఒక గీత గీశాడు.
కరెంటు స్తంభం కాదు, తాటిమాను కాదు,
అది మేమంట.
క్లాసులో ఎవరూ నా వైపు చూడలేదు.
నేను మాత్రం ఆ గీత మొదట్లో
మస్తానత్త కోసం వెతుకుతున్నా,
పిక్కల దాకా నీళ్లలో, చెక్కపారతో ఉప్పు లాగుతూ
అక్కడెక్కడో ఉండాలి కదా అని.

సాయంత్రం మడి గట్టు మీద కూచుని చెప్పాను:
"ఉప్పు రేటు ఎంత పెరిగినా కొంటారంట అత్తా."
పార ఆపకుండానే అంది:
"మరి బస్తా ముప్పై దాటనీకుండా పట్టుకోనుండాడే కొండయ్య,
వాడి పేరుందా మే మీ పుస్తకంలో?"
చివరి పేజీ దాకా చూశాను.
లేదు.

ఆ పుస్తకంలో ప్రతి సూత్రం ముందూ
దణ్ణం పెట్టుకున్నట్టు ఒక మాట:
ఇతర పరిస్థితులు మారకుంటే.
మా దగ్గర మారేవి అవే.
ఎండల్లో పడకూడని జల్లు పడి
పదిహేను రోజుల తెలుపు
అరగంటలో మళ్లీ సముద్రమైపోయేది.
పిండి అమ్మబోతే గాలి, ఉప్పు అమ్మబోతే వాన:
పరీక్షలో ఇదే రాశాను.
సారు రెండు మార్కులు కోసి, పక్కన ఎర్ర సిరాతో
"హైదరాబాదు ఫారం తెప్పిస్తున్నా, నింపు" అని రాశాడు.

అక్కడ ఇంగ్లీషు
అదను తప్పిన వానలాగే నా మీద పడింది.
మార్జినల్ అంటే ఉపాంతం అని తెలియడానికి ఒక సెమిస్టరు.
తెలిశాక నవ్వొచ్చింది,
అందరూ మనూరి వాళ్లే,
పేర్లు మార్చుకుని తిరుగుతున్నారు.

తర్వాత రోము. తొమ్మిదేళ్లు.
మెడలో నీలం పట్టీ, గాజు తలుపులు.
దినభత్యం కాగితం మొదటిసారి నింపుతుంటే
చెయ్యి ఆగింది.
నా ఒక్క రోజు, అత్త రెండు నెలలు.
ఆ నిష్పత్తిని నేను ఏ పట్టికలోనూ పెట్టలేదు.
సంతకం పెట్టాను.

సెనెగల్ తీరంలో ఉప్పుమళ్ల సర్వే.
మా దగ్గర నలభై రెండు ప్రశ్నలు, మూడు భాషల్లో.
నేను వంగి ఒక పలుకు నాలిక మీద వేసుకున్నాను.
"చేదెక్కింది. ఆలస్యంగా తీశారు. ఎందుకని?"
జట్టు నాయకుడు అడిగాడు, ఇదేం పద్ధతి అని.
దుబాసీ తడబడ్డాడు.
కుంబా అనే ఆవిడ నడుం నిలబెట్టి
నన్ను పైనుంచి కిందికి చూసి, నవ్వింది.
బస్తాలు లేవట.
బస్తాలు తెచ్చే మనిషి
వీళ్లు రేటు తగ్గించేదాకా తేడట.
ఆ మనిషి పేరేంటని అడిగాను.
అది నలభై మూడో ప్రశ్న.
నివేదికలో దాన్ని ఒకసారి కొట్టేశారు.
మళ్లీ రాశాను.

ఆ రాత్రి హోటలు గదిలోంచి అత్తకి ఫోను.
అక్కడి రేటు చెప్తే
నేను లెక్కల యంత్రం తీసేలోపు
రూపాయల్లోకి మార్చి, కూలి తీసేసి,
"ఆడగూడా ఇంతేనా" అంది.
"ఇంతే అత్తా."
"మరి ఇన్నేళ్లు ఏం చదివినావు మే?"
చెప్పబోయాను.
"ఉండు, ఉండు, తూర్పున మబ్బేసింది,
కుప్ప మీద తాటాకు కప్పాల."

ఫోను పెట్టెయ్యకుండానే పరిగెత్తింది.
గట్టు మీద గాలి వినపడుతోంది,
ఎవరినో కేకేసి పిలుస్తోంది,
ఆకుల చప్పుడు.
నేనూ పెట్టెయ్యలేదు.
నిమిషానికి ఇంత అని
పడుతూనే ఉంది.